మహామృగ శిల్పి త్సుబురాయా

జపాను రాజధాని టోకియో నగరాన్ని కాళ్లతో తొక్కి, తోకతో ఊడ్చి, నోటిమంటతో కాల్చిన మహామృగం గోజిరా. పాశ్చాత్య దేశాలలో గాడ్జిల్లా అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ మృగాన్ని తెరమీద చూడని పిల్లలున్నా, దాని పేరు వినని పిల్లలు అరుదు. కాని యాభై మీటర్ల యెత్తున నిలిచినట్టు కనిపించిన ఆ దేహం వెదురుబద్దలు, ఇనుపతీగెలు, గుడ్డ, రబ్బరు కలిపి కట్టిన ఒక వేషమే. దాని కడుపులో ఒక మనిషి ఉన్నాడు. అతడు నడిస్తే అది నడిచింది; అతడు తూలితే అది తూలింది. ఆ వేషాన్ని కట్టించి, ఆ మనిషిని నడిపించి, చూపరుల కంటికి రెండు మీటర్లను యాభై మీటర్లుగా చూపినవాడు త్సుబురాయా ఎయిజి. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత చెప్పుకోవడం మనకువలెనే జపానీయులకూ ఆచారం.

త్సుబురాయా 1901 జులై 7వ తేదీన ఈశాన్య జపానులోని ఫుకుషిమా మండలంలో సుకగావా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. వారిది వర్తక కుటుంబం. బియ్యానికి ఒక విధమైన బూజు పట్టించి తయారుచేసే కోజి అనే సరుకును వారు అమ్మేవారు. జపానీయుల మద్యమూ, సోయా ముద్దా పులియడానికి అదే ఆధారం. బాలునికి మూడేండ్లు నిండీ నిండకముందే తల్లి గతించింది. పెంచి పెద్దచేసిన భారం అవ్వ మీద పడింది. ఇంటినిండా పనివారు, గంగాళాలు, బస్తాలు. తల్లిలేని పిల్లవాడు తన లోకం తాను కల్పించుకోవలసి వచ్చింది.

1910 డిసెంబరులో టోకియోలోని యోయోగి మైదానంలో ఇద్దరు సైనికాధికారులు విమానాలను ఎగురవేశారు. జపాను గడ్డమీద అటువంటిది అదే మొదలు. ఆ వార్త సుకగావాకు చేరినప్పుడు త్సుబురాయాకు తొమ్మిదేండ్లు. ఆనాటినుండి ఇంట దొరికిన కర్రముక్కలూ, కాగితాలూ విమానాలుగా మారసాగాయి. ఆ పట్టణంలో ఎవరూ నిజమైన విమానాన్ని చూచినవారు కారు. పత్రికలలో వచ్చిన బొమ్మలను చూచి, కనిపించని వెనుకభాగాన్ని ఊహించుకొని ఆ బాలుడు నమూనాలు కట్టేవాడు. కనిపించే కొంచెంనుండి కనిపించనిదాన్ని కట్టడం అప్పుడే అలవాటయింది. చివరిదాకా ఆయన జీవనోపాధి అదే. ఆ రోజులలోనే చలనచిత్రాన్ని చూడడం కూడా తటస్థించింది. అందరూ తెరవైపు చూస్తూంటే ఈ పిల్లవాని దృష్టి వెనుకనున్న యంత్రం మీద నిలిచింది. ఇంటికి వచ్చి, చుట్టగా ఉన్న కాగితాన్ని పేలికలుగా కోసి, అంచున రంధ్రాలు పొడిచి, ఒక్కొక్క గడిలో పుల్లలవంటి మనుషుల బొమ్మలు గీసి, ఆటబొమ్మ యంత్రంలో తిప్పి వాటిని నడిపించాడు.

విమానం మోజు అతనిని ఇంట కూర్చోనివ్వలేదు. 1916లో టోకియో సమీపాన హనేడాలో కొత్తగా పెట్టిన విమాన పాఠశాలలో చేరాడు. మరుసటి యేడు మే నెలలో ఆ పాఠశాల స్థాపకుడు తమాయి సెయితారో విమానం కూలి మరణించాడు. గురువుతోపాటు పాఠశాలా పోయింది. పదహారేండ్లయినా నిండని పిల్లవాడు ఆకాశాన్ని వదలి నేలమీద చదువు వెదుక్కోవలసి వచ్చి, నగరంలోని కాండా ప్రాంతంలో విద్యుచ్ఛాస్త్రం నేర్పే బడిలో చేరాడు. ఫీజుల కోసం ఒక ఆటవస్తువుల సంస్థకు కొత్త బొమ్మలు కల్పించి ఇచ్చేవాడు. తనంతట తాను కదిలే చక్రాల స్కేటు వంటివి కొన్ని బాగా అమ్ముడుపోయాయి. బొమ్మలపని చేసిన రోజులు వృథా పోయాయని అప్పుడు అనుకున్నాడేమో గాని, కీలు ఎక్కడ పెట్టితే అవయవం ఎంత కదులుతుందో చేతికి తెలిసింది ఆ కొలువులోనే.

1919 వసంతంలో, బొమ్మలు అమ్ముడుపోయిన సంతోషంతో సంస్థలోని వారందరూ చెర్రీపూలు చూడబోయారు. పూలక్రింద విందులో పక్క గుంపుతో తగవు వచ్చింది. ఆ తగవు తీర్చే సందర్భంలో త్సుబురాయాకు ఎడమసా యోషిరో అనే చలనచిత్ర దర్శకునితో పరిచయమయింది. ఎడమసా ఈ యువకుని తెలివిని గుర్తించి సినిమాలోకి రమ్మని పిలిచాడు. ఒక మహోద్యమానికి తాగుబోతుల జగడం నాంది కావడం విచిత్రమే.

తరువాతి పదేండ్లూ ఛాయాగ్రాహకునిగా, సహాయ ఛాయాగ్రాహకునిగా గడిచాయి. నడుమ సైనిక సేవ చేయవలసి వచ్చింది. క్యోటోలో కినుగసా తెయినోసుకే తీసిన ఒక పిచ్చాసుపత్రి కథాచిత్రానికి 1926లో సహాయకుడుగా పనిచేశాడు. అది జపాను మూకీ చిత్రాలలో నేటికీ చెప్పుకోదగినది. దృశ్యానికి లోతు కల్పించడానికి పొగ వాడడం ఆయనకు ఎంత ఇష్టమంటే తోటివారు పొగ త్సుబురాయా అని ఎగతాళి చేసేవారు. కెమెరాను ఎత్తుకు తీసుకుపోయే క్రేనును తానే కట్టి, దాని మీదినుండి పడి ఆసుపత్రి పాలయ్యాడు కూడా. ఆ గాయం మానేనాటికి పరామర్శించ వచ్చిన అరాకి మసానో అనే యువతితో స్నేహం కుదిరింది. 1930లో వారికి వివాహమయింది.

1933లో అమెరికానుండి కింగ్ కాంగ్ చిత్రం జపానుకు వచ్చింది. మహావానరం ఆకాశహర్మ్యం మీదికెక్కి విమానాలతో పోరాడే ఆ చిత్రాన్ని జనం ఆశ్చర్యపోయి చూచి ఇంటికి పోయారు. త్సుబురాయా మాత్రం ఆ చిత్రం ప్రతిని ఒకదాన్ని సంపాదించి, ఒక్కొక్క చట్రాన్నీ విడదీసి పరీక్షించాడు. అందులో వానరం చిన్న బొమ్మ. దానిని వెంట్రుకవాసి కదిపి ఒక చిత్రం, మరికొంచెం కదిపి మరొక చిత్రం తీసి, సెకనుకు ఇరవైనాలుగు వంతున తెరమీద పరుగెత్తించారు. అటువంటి చిత్రం తానూ తీయాలని ఆయన అప్పుడే నిశ్చయించుకొన్నాడు. అందుకు ఇరవైయొక్క సంవత్సరాలు ఆగవలసి వచ్చింది.

నడుమ వచ్చింది యుద్ధం. 1937లో టోహో అనే చిత్రసంస్థ ఆయనను టోకియోకు పిలిపించి ప్రత్యేక చిత్రీకరణ శాఖను అప్పగించింది. మొదట ఆ శాఖకు అధిపతీ, సిబ్బందీ కూడా దాదాపు ఆయనే. సైన్యం ప్రచారచిత్రాలు తీయమన్న తరువాత శాఖ పెరిగింది. పెర్ల్ హార్బరు మీద జపాను చేసిన దాడి కథగా 1942 డిసెంబరులో ఒక పెద్ద చిత్రం విడుదలయింది. నావికాశాఖ తన రహస్యాలను చిత్రకారులకు ఇవ్వలేదు. పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రాలనుబట్టి కొలతలు లెక్కగట్టి, త్సుబురాయా రేవునంతటినీ, నావలతో సహా, నమూనాగా నిర్మించాడు. యుద్ధానంతరం అమెరికా అధికారులు ఆ దృశ్యాలను నిజమైన దాడి చిత్రాలని భ్రమించారన్న మాట ప్రచారంలో ఉన్నది. ఆయన చేతినేర్పుకు అంతకంటె పొగడ్త అక్కరలేదు. కాని ఆ చిత్రాలను చూచి ఎందరు కుర్రవాండ్లు ఉత్సాహంతో యుద్ధానికి పోయారో, పోయినవారిలో ఎందరు తిరిగి రాలేదో, ఆ లెక్క కూడా ఆ నేర్పు ఖాతాలోనే వ్రాయవలసి ఉంటుంది. ఆయనను అభిమానించేవారు ఈ భాగాన్ని తొందరగా దాటవేస్తూంటారు. దాటవేయరాదు, తరువాతి కథకు మూలం ఇక్కడే ఉన్నది.

జపాను ఓడిపోయింది. టోకియో నగరం బాంబుల మంటలలో సగానికి సగం బూడిదయింది. యుద్ధచిత్రాలలో పాల్గొన్న నేరానికి 1948లో త్సుబురాయా కొలువు పోయింది. ఆయన అప్పటికి నలభైయేడేండ్ల గృహస్థు, పిల్లల తండ్రి. సొషిగయా పేటలోని తన ఇంటి ఆవరణలోనే ఒక చిన్న ప్రయోగశాల పెట్టుకొని, ఇతర చిత్రసంస్థలు అడిగిన చిల్లరపనులు చేసి ఇచ్చేవాడు. 1949లో ఒక సంస్థవారి అదృశ్యమానవుని చిత్రానికి, మనిషి లేకుండా బట్టలు మాత్రమే కదిలే దృశ్యాలు కూర్చినది ఆ కాలంలోనే. ఇంటనే మొదలైన పని, రేవులన్నీ తిరిగి, మళ్లీ ఇంటికే వచ్చింది. ఆ ఇంటి శాల చిన్నదే గాని, ఆయన శిష్యవర్గానికి బీజం అందులో పడింది. కొన్ని సంవత్సరాలకు నిషేధం తొలగి మళ్లీ టోహోలో ప్రవేశించాడు.

1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికావారు హైడ్రోజన్ బాంబును పరీక్షించారు. దూరాన చేపలు పట్టుకుంటున్న ఒక జపాను పడవ మీద తెల్లని బూడిద రాలింది. అందులోని ఇరవైముగ్గురూ జబ్బుపడ్డారు. సెప్టెంబరులో ఒకరు మరణించారు. హిరోషిమా, నాగసాకి గాయాలు మానని దేశం మళ్లీ ఉలిక్కిపడింది. అదే సమయంలో టోహో నిర్మాత తనకా తోమోయుకి ఇండొనీషియాతో కలిసి తీయదలచిన చిత్రం ఒకటి ఆగిపోయింది. దాని స్థానంలో ఏదో ఒకటి వెంటనే నిలపాలి. బాంబు దెబ్బకు సముద్రగర్భంనుండి లేచివచ్చిన ప్రాచీన మృగం అన్న ఊహ ఆయనకు తట్టింది. త్సుబురాయా మనస్సులో ఓడలను మ్రింగే పెద్ద ఆక్టోపసు కథ అంతకుముందే ఉన్నది. ఆక్టోపసు పోయి బల్లివంటి మృగం వచ్చింది. గొరిల్లా అన్న మాటనూ, తిమింగలానికి జపానుభాషలో ఉన్న కుజిరా అన్న మాటనూ అతికి గోజిరా అని పేరు పెట్టారు. దర్శకుడు హోండా ఇషిరో చైనానుండి తిరిగివచ్చిన సైనికుడు. వస్తూ వస్తూ హిరోషిమా శిథిలాలను కండ్లారా చూచినవాడు.

ఇప్పుడు వచ్చింది అసలు చిక్కు. కింగ్ కాంగ్ పద్ధతిలో బొమ్మను అంగుళమంగుళం కదిపి తీయాలంటే ఎంతకాలం పడుతుందని అడిగితే, ఏడేండ్లన్నాడు త్సుబురాయా. సంస్థ చేతిలో ఉన్నవి కొన్ని నెలలు. ఏ పద్ధతికోసం ఇరవైయేండ్లు కలలు కన్నాడో దానినే వదలుకోవలసి వచ్చింది. మనిషికి మృగం తొడుగు వేసి నడిపిద్దామన్నాడు. జపానుకు ఇది పూర్తిగా కొత్తకాదు. అక్కడి పండుగలలో ఇద్దరు ముగ్గురు ఒకే గుడ్డక్రింద దూరి సింహమై ఆడుతారు. కబుకి నాటకాలలో గుర్రపు ముందుకాళ్లు ఒక నటుడు, వెనుకకాళ్లు మరొక నటుడు. వీధి నాటకపు వేషాన్నే త్సుబురాయా నగరమంత చేయబూనాడు.

తొడుగు నిర్మాణం తొషిమిత్సు తెయిజో అనే శిల్పికి, ఆయన సహాయకులకు అప్పగించారు. చిత్రకారుడు వతనబె అకిరా రూపరేఖ గీశాడు. మొదట మట్టితో చిన్న ప్రతిమలు చేసి చర్మం ఎలా ఉండాలో తేల్చుకొన్నారు. చేప పొలుసుల వంటి చర్మం నచ్చలేదు. చివరకు ఎగుడుదిగుడు మడతలతో, కాలి మానిన పుండువలె ఉండే చర్మాన్ని ఎన్నుకొన్నారు. అణుబాంబు బాధితుల ఒంటిమీది మచ్చలు చూచినవారికి ఆ చర్మం ఏమి గుర్తుచేసిందో చెప్పనక్కరలేదు. వెదురుబద్దలతో, ఇనుపతీగెలతో అస్థిపంజరం కట్టి, దానిమీద వల పరచి, గుడ్డ, మెత్తటి పొరలు చుట్టి, పైన వేడిచేసిన రబ్బరును పొరలుపొరలుగా పూశారు. ఆ కాలంలో మంచి రబ్బరు పాలు జపానులో సులభంగా దొరికేవి కావు. దొరికిన రబ్బరు ఆరితే చెక్కవలె బిగిసేది.

మొదటి తొడుగు తయారయింది. దాని బరువు సుమారు వంద కిలోలు. లోపల దూరడానికి ఎన్నుకొన్నవారిలో ముఖ్యుడు నకజిమా హరువో, ఇరవైయైదేండ్ల యువకుడు. అంతకు ముందు సంవత్సరం త్సుబురాయా పనిచేసిన యుద్ధచిత్రంలో ఒంటికి నిప్పంటించుకొని నటించి ఆయన కంటబడ్డాడు. ధైర్యం ఉన్నది గాని, ధైర్యం రబ్బరును వంచలేదు. నకజిమా ఆ తొడుగులో పది మీటర్లు నడిచేసరికి ప్రాణం కడబట్టింది. మోకాలు వంగదు, నడుము తిరగదు. రూపం అద్భుతం, కదలిక శూన్యం. ఎన్నో వారాల శ్రమ ఒక్క పూటలో వ్యర్థమయింది. త్సుబురాయా దానిని పారవేయలేదు. నడుముదగ్గర రెండుగా కోయించి, కాళ్లు మాత్రమే కనబడే సన్నివేశాలకు క్రిందిభాగాన్ని ఉపయోగించాడు. కీళ్లదగ్గర పలుచగా, తేలికగా రెండవ తొడుగు కట్టించాడు. తోకను పైనుండి సన్నని తీగెలతో ఆడించారు. ముఖం దగ్గరగా చూపవలసినప్పుడు చేతికి తొడుక్కునే తల వేరుగా ఉన్నది. నోటినుండి పొగవంటి ఆవిరి చిమ్మేది అదే. లోపలి మనిషి చూచేది మృగం కండ్లలోనుండి కాదు, మెడమీద పొడిచిన చిన్న రంధ్రాలలోనుండి. పెద్ద వేషం కట్టబోయే పిల్లలు గమనింపవలసినది ఇదే: మోసేవాడు చూడడానికి, గాలి పీల్చడానికి, కీలు వంచడానికి చోటు విడిచిన తరువాతనే మిగతా అలంకారం.

నకజిమా జంతుప్రదర్శనశాలకు పోయి, ఏనుగు అడుగెత్తి ఎలా మోపుతుందో, ఎలుగు ఒడలు ఎలా తిప్పుతుందో రోజుల తరబడి చూచివచ్చాడు. ఆ వేసవిలో చిత్రీకరణశాల కొలిమివలె ఉండేది. ఎందుకో చెప్పవలసి ఉన్నది. నూటయాభై అడుగుల కొండచరియ విరిగిపడడం చూచేవానికి, అది నెమ్మదిగా పడుతున్నట్టు తోస్తుంది. గచ్చుమీద గిన్నె పడడం రెప్పపాటులో అయిపోతుంది. యాభై మీటర్ల ఎత్తునుండి రాయి నేలను తాకడానికి మూడు సెకన్లకు పైచిలుకు పడుతుంది. రెండు మీటర్లనుండి పడితే సెకనులో సుమారు పదింట ఆరు వంతులు చాలు. ఎత్తు ఇరవైయైదు రెట్లయితే కాలం అయిదు రెట్లు. త్సుబురాయా నగరాన్ని ఇరవైయైదవ వంతు కొలతతో కట్టించాడు. కనుక కూలే మేడ నిజమైన మేడవలె కూలాలంటే కెమెరా మామూలుకంటె కొన్ని రెట్ల వేగంతో తిరగాలి, తెరమీద మామూలు వేగంతో చూపాలి. వేగంగా తిరిగే కెమెరాలో ఒక్కొక్క చట్రానికి వెలుగు తగిలే కాలం తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి దీపాలు పెంచాలి. దీపాలు పెంచితే వేడి పెరుగుతుంది. ఆ వేడి అంతా చివరకు చేరేది రబ్బరులో ఉన్న మనిషికే. చిత్రీకరణ ఆగగానే తొడుగును విప్పి, లోపల నిలిచిన చెమటను పారబోసేవారు. నకజిమా సొమ్మసిల్లిన సందర్భాలున్నాయి. తెరమీద మృగం ఠీవిగా, బరువుగా కదులుతుందని లోకం మెచ్చుకొన్నది; ఆ బరువులో సగం కెమెరా కల్పించినది, సగం నిజమైనదే.

నగరపు పనీ తక్కువది కాదు. గింజా వీధిలోని గడియారపు మేడనూ, పార్లమెంటు భవనాన్నీ సున్నపు దిమ్మలతో కట్టి, అందంగా విరగడానికి లోపల ముందే గంట్లు పెట్టారు. విద్యుత్తీగెల స్తంభాలలో కరగవలసినవాటిని మైనంతో చేశారు. మృగం ఊపిరి సోకి ఉక్కు కరిగినట్టు తెరమీద కనిపించేది మైనమే. ఏ మేడను కూల్చాలో, ఎక్కడ నిప్పు పెట్టాలో నిజమైన నగరంలో ఒక అంగడి మేడమీద నిలబడి దర్శకబృందం ముచ్చటించుకొంటూంటే, విన్న కాపలావారికి అనుమానం కలిగి పట్టుకొని ప్రశ్నించారు. తొమ్మిదేండ్ల క్రిందట నిజంగా కాలిన నగరం మరి.

1954 నవంబరు 3వ తేదీన గోజిరా విడుదలయింది. సంగీతకర్త ఇఫుకుబె అకిరా, పెద్ద తంత్రీవాద్యపు తీగెలను వదులుచేసి తోలు చేదొడుగుతో రుద్ది మృగం అరుపును సృష్టించాడు. సుమారు 96 లక్షల మంది ఆ చిత్రాన్ని చూచారు. కొందరు విమర్శకులు దేశం అనుభవించిన వేదనను వినోదంగా మార్చుకొన్నారని దెప్పారు. ఆ మాటలో కొంత న్యాయమున్నది. అయినా ఆ చిత్రంలో మంటలలో చిక్కుకొని పిల్లలను పొదివిపట్టుకొన్న తల్లిని, ఆసుపత్రిలో బారులు తీరిన క్షతగాత్రులను చూచినవారు దానిని వట్టి గారడీ అనలేరు. 1942లో బాంబులు వేసేవాని కన్నుతో నగరాన్నీ రేవునూ చూచిన కెమెరా, 1954లో బాంబుల క్రింద ఉన్నవాని కన్నుతో చూచింది. చేతులు మాత్రం అవే. త్సుబురాయా ఈ మార్పునుగూర్చి ఉపన్యాసాలివ్వలేదు. నమూనాలు కట్టడం తెలిసినవాడు గనుక నమూనాలే కట్టాడు.

అక్కడినుండి పదిహేనేండ్లు విరామం లేదు. 1956లో రెక్కల మృగం రోడాన్ వచ్చింది. ఆ చిత్రంలో నకజిమా తీగెలకు వ్రేలాడుతుండగా అవి తెగి, తొడుగుతో సహా క్రింది నీటితొట్టిలో పడి బ్రతికాడు. 1961లో వచ్చిన మోత్రా ఒక మహాకీటకం. దాని గొంగళిపురుగు దశకు ఒకే తొడుగులో పలువురు మనుషులు వరుసగా దూరి, జెర్రివలె ప్రాకారు. పండుగ సింహం మళ్లీ వచ్చిందన్నమాట. 1962లో కింగ్ కాంగ్ గోజిరాతో తలపడ్డాడు. యౌవనంలో తన్ను మేలుకొలిపిన వానరాన్ని తన మృగం ఎదుట నిలిపిన త్సుబురాయా ఆనందం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఎత్తునుండి చూచే సముద్రానికి నీరు పనికిరాదు, అలలు మరీ పెద్దవిగా కనిపిస్తాయి. మన వంటయిళ్లలో చైనాగ్రాసని పిలిచే అగర్‌ను కాచి పోసి, గట్టిపడిన తరువాత దానిమీద చిన్న ఓడలు నిలిపేవాడు. ఇటువంటి ఉపాయాలు ఆయన దగ్గర వందలు.

ఈ చిత్రాలను చూడవచ్చేవారిలో పిల్లలే ఎక్కువని గ్రహించినకొద్దీ, ఆయన మృగాల స్వభావం మారింది. మృగాలు కొట్టుకోవచ్చును గాని నెత్తురు కారరాదని ఆయన పట్టుదల. క్రమంగా అవి కుస్తీవీరులుగా, హాస్యగాండ్రుగా కూడా మారాయి. దర్శకుడు హోండాకు ఈ వేడుక అంతగా రుచించలేదు. 1954 నాటి భయంకరమూర్తిని తలచుకొనేవారికి నేటికీ అది నష్టంగానే తోస్తుంది. పిల్లలు మాత్రం ఫిర్యాదు చేయలేదు.

1963లో తన పేరిట సొంత సంస్థ స్థాపించాడు. పలు చిత్రాలను ఒకదానిపై ఒకటి కూర్చే ఖరీదైన ఆప్టికల్ ప్రింటరును, డబ్బు చేతిలో లేకుండానే అమెరికాకు పురమాయించి, చివరకు పెద్దకుమారుడు పనిచేసే టెలివిజన్ సంస్థ ఆదుకొంటే గట్టెక్కాడు. ఆ యంత్రం మీదనే 1966లో అల్ట్రా క్యూ, అదే సంవత్సరం జులైలో అల్ట్రామాన్ అనే ధారావాహికలు తయారయ్యాయి. వారానికొక కొత్త మృగం కావాలి. సినిమా ధనం టెలివిజన్‌లో లేదు. తకయమా ర్యోసకు అనే శిల్పి తన సొంత శాలలో తొడుగులు కట్టి ఇచ్చేవాడు. ఒక మృగం పని ముగిసిన తరువాత దానికే కొమ్ము తీసి, చెవులు పెట్టి, రంగు మార్చి మరో పేరుతో దింపేవారు. గోజిరా తొడుగు మెడచుట్టూ గొడుగువంటి పట్టీ కట్టి జిరాస్ అనే కొత్త మృగంగా అల్ట్రామాన్ ఎదుట నిలిపారు. లోపల ఉన్నది నకజిమానే. వారపు రోజులలో చదువు చెప్పి అలసిపోయిన జపాను ఉపాధ్యాయులు, ఆదివారం సాయంకాలం పిల్లలు వీధులలో కనిపించకపోవడం చూచి కారణం తెలుసుకొన్నారు.

ఎంత పేరు వచ్చినా ఆయన నమూనాల నడుమ టోపీ పెట్టుకొని, కండ్లద్దాలు సవరించుకొంటూ, గోటిమీద ఇటుకవంటి ఇటుకను సర్దుతూనే కనిపించేవాడు. 1970లో ఒసాకా నగరంలో జరుగనున్న ప్రపంచ ప్రదర్శనకోసం ఒక భవనంలో చూపవలసిన తుఫానులు, అగ్నిపర్వతాల దృశ్యాలను సిద్ధంచేసే భారం పైబడింది. ఆరోగ్యం దెబ్బతిన్నది. విశ్రాంతికై ఇజు ద్వీపకల్పంలోని ఇతో పట్టణంలో ఉన్న తన విడిదికి వెళ్లి, 1970 జనవరి 25వ తేదీన గుండెజబ్బుతో మరణించాడు. ఆయనకు అప్పుడు అరవైయెనిమిదేండ్లు. ప్రదర్శన మార్చిలో మొదలయింది.

నకజిమా 1972 వరకు గోజిరా తొడుగు ధరించి, మొత్తం పన్నెండు చిత్రాలలో ఆ మృగమై నడిచాడు. త్సుబురాయా పోయిన తరువాత ఆ పనిమీద తనకు మునుపటి ఉత్సాహం నిలువలేదు. ఆయన 2017లో గతించాడు. సుకగావా పట్టణం తన బిడ్డను మరువలేదు. పట్టణపు వీధులలో అల్ట్రామాన్, మృగాల విగ్రహాలు నిలబెట్టింది. 2019 జనవరిలో త్సుబురాయా పేరిట ఒక ప్రదర్శనశాలను తెరిచింది.

చివరి రోజులలో ఆయన రెండు చిత్రాల ఆలోచనలో ఉన్నాడు. ఒకటి, వెదురుబొంగులో దొరికిన చంద్రకన్య కథ. రెండవది, జపానులో మొట్టమొదట విమానాలు కట్టి ఎగిరిన సాహసుల కథ. తొమ్మిదేండ్లనాడు పత్రికలోని బొమ్మ చూచి కర్రముక్కలతో కట్టిన విమానాన్ని, ఈసారి తనకు తెలిసిన విద్యనంతటినీ పెట్టి ఎగురవేయాలనుకొన్నాడు. ఆ రెండు చిత్రాలూ ఆయన చేతిమీదుగా తయారు కాలేదు.